మాటలు లేని వేషం

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. మా ఊళ్ళో యేసుప్రభువును సిలువ వేసిన సాయంత్రం, ఆయన కట్లు తెంచుకుని ఇస్సాకు చెంప మీద ఒక్కటి ఇస్తే బాగుండునని తెర వెనుక కూర్చుని మనసారా కోరుకున్నాను. కోరుకోవడంతో ఆగలేదు. "కొట్టు చిన్నాయినా" అన్న మాట నా పెదవుల దాకా వచ్చింది. అప్పటికి నేను ఆదివారం బడిలో వాక్యాలు తప్పుల్లేకుండా అప్పజెప్పి సబ్బుపెట్టెలు, దువ్వెనలు బహుమతిగా గెలుచుకుంటున్న పిల్లను. నలుగురిలో నోరు విప్పనిదాన్ని కాబట్టి నా లోపల ఏముందో ఎవరికీ అనుమానం రాలేదు. సిగ్గరులకు ఉన్న పెద్ద సౌకర్యం ఇదే. ఎంత పోకిరి ఆలోచన చేసినా చూసేవాళ్ళు దాన్ని భక్తి అనుకుంటారు.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఒక పిల్లి. మొన్న గుడ్ ఫ్రైడే సెలవుకు భూపాలపల్లి నుంచి ఇంటికి పోయినప్పుడు మా చిన్నమ్మ వంటింట్లో పాలగిన్నె మీద గంప బోర్లించి ఉంది. గంప మీద గుండ్రంగా చుట్టిన ముళ్ళకంప. రేగు ముళ్ళు, నల్లబడి, కొన్ని విరిగి. చూడగానే గుర్తుపట్టాను.

"చిన్నమ్మా, గిది ప్రభువు నెత్తి మీదిది గాదా?"

"అవ్. గిది పెట్టిన కాన్నుంచి పిల్లి ముడుతలేదు."

"ముండ్ల కిరీటం తీసుకపోయి పాల మీద పెడుతవా?"

"ప్రభువుకు ఇప్పుడు దానితోని పని లేదు బిడ్డా. నాకున్నది" అని చిన్నమ్మ చాయ్ వడపోసింది.

ఆ చాయ్ తాగుతుంటే స్రవంతి గుర్తొచ్చింది. ఆఫీసులో నా పక్క కుర్చీ ఆమెది. సెలవుకు వచ్చేముందు ఆమె నన్ను ఒక మాట అడిగింది. "ఏమనుకోకు రూతూ, మీ దేవుడు గన్ని దెబ్బలు తిన్నడు, ఒక్కటి గూడ తిరిగి ఇయ్యలేదు, చచ్చిపోయిండు. మరి గెలిచిండంటరు. గదెట్ల?" ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను "చాయ్ సల్లారుతుంది" అన్నాను. పుస్తకాల్లో చదివిన జవాబులు చాలానే ఉన్నాయి, కానీ వాటిలో ఒక్కటీ నోటి దాకా రాలేదు. చిన్నమ్మ వంటింట్లో ముళ్ళకంపను చూశాక, నాకు తెలిసిన జవాబు మా చిన్నాయినే అనిపించింది.

ఏలియా చిన్నాయిన మా బాపు తమ్ముడు. దేవరుప్పుల దాటినాక లోపలికి ఉంటుంది మా ఊరు. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. ఒక పొయ్యి మా అమ్మది, ఒకటి చిన్నమ్మది. రెండింటికీ పెద్ద దిక్కు మా అవ్వ, అంటే బాపు తల్లి. పొద్దు పొడవకముందే పేడనీళ్ళు చల్లిన వాకిలి వాసన, కట్టెల పొగ, కాగుతున్న పాల వాసన కలిసి మంచం దాకా వచ్చేవి. వాటి వెనుకే అవ్వ ప్రార్థన వచ్చేది. అవ్వ కళ్ళు మూసుకుని చేసినా ఊరంతటికీ వినబడేటట్టు చేసేది. "ప్రభువా, మా చిన్నోడు నిన్న మల్ల కంచం ఇసిరిండు. పప్పు మంచిగనే అయ్యింది, నీకు ఎరుకే. వాని కోపం జర తగ్గియ్యి. ఆ ఇస్సాకుకు నడుము నొప్పి బాగు చెయ్యి. బాగైనంక వాన్ని మా ఒడ్డు దిక్కు రానియ్యకు." పక్కింటి మల్లవ్వ మా దేవుణ్ణి నమ్మేది కాదు. ఏటేటా పోచమ్మకు బోనం ఎత్తే మనిషి. కానీ అవ్వ ప్రార్థన ఒక్కనాడూ తప్పించుకోలేదు. గోడ అవతల చీపురు చప్పుడు ఆగిందంటే అవ్వ అసలు విషయానికి వచ్చిందని నాకు తెలిసిపోయేది.

చిన్నాయిన కోపం మా ఇంటి సామాన్ల మీద కనబడేది. సొట్ట పడని కంచం చుట్టాలు వచ్చినప్పుడే బయటికి తీసేవాళ్ళం. ఉప్పు ఎక్కువైతే ఒక సొట్ట, ఎద్దు మొరాయిస్తే ఒక సొట్ట, కరెంటు పోతే ఒక సొట్ట. మనుషుల మీద ఇంట్లో ఎప్పుడూ చెయ్యెత్తలేదు, బయట మాత్రం ఎత్తని రోజు తక్కువ. కోపం దిగాక తనే వాకిట్లో కూర్చుని కంచాన్ని రాయి మీద పెట్టి సరిచేసేవాడు. ఆ టంగుటంగుమనే చప్పుడు వినబడితే పిల్లలం ధైర్యంగా బయటికి వచ్చేవాళ్ళం. ఆయనకు అందరికంటే ఎక్కువ కోపం తెప్పించినవాడు ఇస్సాకు. మా సంఘం వాడే, ఆదివారం మా బాపు పక్కనే కూర్చుంటాడు. అతని పొలం, చిన్నాయిన పొలం పక్కపక్కన, మధ్యలో ఒడ్డు, అంటే పొలం గట్టు. నాట్లకు ముందు ఎవరి వైపు ఒడ్డును వాళ్ళు పారతో చెక్కి, గడ్డి తీసి, మట్టి మెత్తుతారు. ఇస్సాకు గడ్డితో పాటు ఒడ్డును కూడా చెక్కేవాడు. ఏటా కొంచెం, చూపుకు ఆననంత. ఒడ్డు సన్నబడితే చిన్నాయిన తన పొలంలోకి జరిపి మట్టి వెయ్యాల్సి వచ్చేది. అట్లా ఒడ్డు మెల్లమెల్లగా మా వైపు నడిచి వచ్చింది. ఒకసారి చిన్నాయిన ఇస్సాకు పార కామను మోకాలి మీద పెట్టి విరిచాడు. ఇంకోసారి వాళ్ళిద్దర్నీ బురదలోంచి విడదీయడానికి బాపు పోతే, ముగ్గురూ ఎవరు ఎవరో పోల్చలేనట్టుగా తిరిగి వచ్చారు.

ఆ బురద దినం చిన్నమ్మ సంచి సర్దుకుంది. అరవలేదు, ఏడవలేదు. "ఎవడన్న నలుగురి ముంగట నిన్ను ఒక్క మాటంటె, పడి ఊకున్న దినం కబురు చెయ్యి. అప్పుడొస్త" అని చెప్పి పెద్దవంగరలో వాళ్ళ నాయిన ఇంటికి వెళ్ళిపోయింది. చిన్నాయిన వాకిట్లో సరిచేసేందుకు కంచం కూడా లేక ఊరికే కూర్చున్నాడు. ఆ తర్వాత గడ్డం గీయించుకోలేదు, జుట్టు కత్తిరించుకోలేదు. మక్కజొన్న కంకులు పోయి మిరపకాయలు కల్లాలకు వచ్చేసరికి ఆయన గడ్డం ఛాతీని తాకింది. పెద్దవంగర నుంచి మాత్రం కబురు లేదు. వాళ్ళ నాయిన తెగతెంపుల మాట కూడా తెస్తున్నాడని విన్నాం.

ఆ ఏడే మా చర్చిలో నాటకం వెయ్యాలని పిల్లగాళ్ళు పట్టుబట్టారు. పక్క ఊరికి భాగోతం వచ్చింది, మనకేం తక్కువ అని. అయ్యగారు మహబూబాబాద్ దిక్కు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే పాస్టర్, మెత్తటి మనిషి, మాట్లాడితే అచ్చు పుస్తకం. సిలువ మాట లోకానికి వెర్రిగా కనబడుతుందని ఏటేటా చెప్పేవారు. మేము ఏటేటా తలలూపేవాళ్ళం. ఆ ఏడు వేషాలు పంచుతుంటే ఆ వెర్రితనం ఎట్లాంటిదో తెలిసింది. సైనికుల వేషాలకు కొట్లాట అయ్యింది. సిలువ తీర్పు చెప్పే పిలాతు వేషాన్ని యాకూబ్ చాచా అడిగి తీసుకున్నాడు. బట్టలు కుట్టేది ఆయనే, ఊళ్ళో పెద్ద మీసమూ ఆయనదే. యేసు వేషానికి ఒక్కడు లేవలేదు.

"మోసుడు, పడుడు, దెబ్బలు తినుడు. నాకొద్దు" అన్నాడు ఒకడు.

"మీసం మెలేసేది గూడ లేదు" అన్నాడు ఇంకొకడు.

"మన సంఘంలోనే సిలువ మోసేవారు లేరా?" అని అయ్యగారు బాధపడ్డారు. ఆడవాళ్ళ చాప మీద నుంచి మా అవ్వ అంది, "మా చిన్నోనికి గడ్డమున్నది అయ్యగారూ." అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అవ్వ ఇంకొకటి చెప్పింది. "కొట్టే సైనికుడు ఇస్సాకైతె మంచిగుంటది. చెయ్యి గట్టిది." పగవాళ్ళిద్దరూ ఒకే వేదిక మీద నిలబడతారని అయ్యగారికి కళ్ళు చెమర్చాయి. సంగతి తెలిసిన మిగతావాళ్ళకు మాత్రం గుడ్ ఫ్రైడే ఎప్పుడొస్తుందా అని తొందర మొదలైంది. అంత భక్తిగా మా ఊరు ఏ పండుగకూ ఎదురుచూడలేదు.

చిన్నాయిన ఒప్పుకోలేదు. "సుగుణను సూడనీకి రమ్మన్న. వాళ్ళ నాయిన గూడ వస్తడట" అని అవ్వ చిన్నమ్మ పేరెత్తి చెప్పాక నాటకం కాగితాలు పట్టుకున్న నా దగ్గరికి వచ్చాడు. తెర వెనుక నుంచి మాట అందించే పని నాది. బళ్ళో వెనుక బెంచీకి కూడా వినబడని నా గొంతు ఆ పనికి సరిగ్గా సరిపోయింది.

"బిడ్డా, నాకు ఎన్ని మాటలుంటయ్?"

"కొన్నే చిన్నాయినా."

"కొట్టినప్పుడేమంట?"

"అప్పుడు లేవు."

"తిట్టినప్పుడు?"

"అప్పుడు గూడ లేవు."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఊకె నిలబడాలె."

ఆయన కాగితాలను తిప్పి వెనుక కూడా చూశాడు, ఏమైనా రాసి ఉందేమోనని. "గిదేం వేషం" అని గడ్డం గోక్కున్నాడు. కానీ వేశాడు.

చర్చి ముందరి ఖాళీ జాగాలోనే ఆ వారం మిర్చి ఆరబోశారు. మిర్చి ఎత్తేసిన టార్పాలినే తెర. దాన్ని ఎంత దులిపినా ఘాటు పోలేదు. తెర వెనుక నా ముక్కు, కళ్ళు కారుతూనే ఉన్నాయి. ముందు వరసల్లో తుమ్ములు. ఊరంతా వచ్చింది. మల్లవ్వ చాప తెచ్చుకుని ముందు కూర్చుంది. ఆమె పక్కన మా అవ్వ, అవ్వ పక్కన చిన్నమ్మ, కొంచెం ఎడంగా చిన్నమ్మ వాళ్ళ నాయిన, చేతులు కట్టుకుని. తెరకున్న చిల్లులోంచి నాకందరూ కనబడుతున్నారు. యాకూబ్ చాచా చేతులు కడుక్కుని, నేను అందించిన వాక్యాన్ని పక్కనపెట్టి, "గీ ముచ్చటతోని నాకు సంబంధం లేదు భాయ్" అనేసి దర్జాగా కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత కొట్టే ఘట్టం. తువ్వాల మెలిపెట్టి కొరడా చెయ్యాలని అయ్యగారు చెప్పారు. ఇస్సాకు ఎడ్ల చెర్నకోల తెచ్చాడు. మొదటి దెబ్బ చప్పుడుకే తుమ్ములు ఆగిపోయాయి. రెండో దెబ్బకు చిన్నాయిన వీపు మీద వాత లేచింది. మా ఊరి జనానికి దేవుళ్ళు కొత్త కాదు. భాగోతంలో దేవుడు కొంతసేపు ఊరుకుంటాడు, అది రాక్షసుణ్ణి ఉబ్బించడానికే. ఆ తర్వాత గద లేస్తుంది. కాబట్టి అందరూ ఓపికగా ఎదురుచూశారు. "ఇగ సూడు, ఇప్పుడు చూపిస్తడు" అని ఎవరో పక్కవాళ్ళకు ధైర్యం చెప్పారు. చిన్నాయిన ఏమీ చూపించలేదు. ఇస్సాకుకు ఊపొచ్చింది. రోమా సైనికుడు కొరడా గాల్లో తిప్పి అడిగాడు, "చెప్పు, ఒడ్డు ఎవనిది? ఒడ్డు నీదేనా? నీ పెండ్లాం గూడ నీది గాకపాయె, ఒడ్డెట్ల నీదైతది?"

ఇది కాగితాల్లో లేదు.

చిన్నాయిన కణత దగ్గర ఒక నరం ఉంది. కంచం ఎగిరే ముందు అది కదులుతుంది. కదిలింది. చేతులకు కట్టింది ఉత్త నూలుదారం, ఒక్క గుంజుకు తెగుతుంది. ఆయన మెల్లగా తల తిప్పి టార్పాలిన్ చిల్లు వైపు చూశాడు. ఆ చూపు నాకర్థమైంది: నా మాట ఏంది? చిన్నమ్మ కొంగు నోట్లో పెట్టుకుని మోకాళ్ళ మీద లేచి ఉంది. నా పెదవుల మీద ఆ మాట ఉంది, చెప్పాను కదా. అంటే చాలు, తప్పు కూడా నాది అయ్యేది కాదు, మాట అందించినట్టే అయ్యేది. ఊరంతా సంతోషించేది. నేను కాగితం చూశాను. ఆయన పేరు ఎదురుగా ఖాళీ.

"నీకు మాటల్లేవు చిన్నాయినా" అన్నాను, తుమ్ముతూ.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నరం ఆగింది. ఇస్సాకు మళ్ళీ కొట్టాడు.

అప్పుడు జనం తిరగబడ్డారు, ఇస్సాకు మీద కాదు, యేసు మీద. "ఓ పిచ్చోడా, ఒక్కటియ్యి." "గీ దేవుడేంది, గొర్రె లెక్క నిలబడ్డడు." "గిట్లనైతె గెలిచేదెప్పుడు?" మా సంఘం పెద్దలు కూడా అరిచారు, ఏటేటా తలలూపినవాళ్ళే. ఇంతలో మల్లవ్వ లేచింది. చీరకొంగు నడుముకు చుట్టి వేదిక ఎక్కి, ఇస్సాకు చేతిలో చెర్నకోల గుంజుకుంది. "కట్టేసినోన్ని కొడుతవారా? నీ చేతుల్ల జెట్ట పుట్ట" అని అతన్నే వాయించడం మొదలుపెట్టింది. సైనికుడి అట్టముక్క టోపీ ఎగిరి యాకూబ్ చాచా ఒళ్ళో పడింది. ఈలలు, చప్పట్లు. ఇస్సాకు వెనక్కి పోతూ సిలువకు తట్టుకుని పడిపోయాడు. మల్లవ్వ మళ్ళీ ఎత్తిన కొరడా అతని మీద పడలేదు. చిన్నాయిన కట్టిన చేతులతోనే మధ్యకు వచ్చి వంగాడు. ఆ దెబ్బ కూడా ఆయన భుజానికే తగిలింది.

"ఊకో మల్లవ్వా" అన్నాడు. "వానికి తెల్వది."

నా వెనుక నిలబడ్డ అయ్యగారు గాభరాగా కాగితాలు తిప్పారు. "'వీరేమి చేయుచున్నారో వీరెరుగరు' అన్న మాట సిలువ మీద కదమ్మా. మనమింకా అక్కడికి రాలేదు" అన్నారు.

"తెల్వకపోతె తెలిసెటట్టు జెయ్యాలె" అని మల్లవ్వ చెర్నకోల పారేసింది. "నీకు పిచ్చి లేసింది బిడ్డా. మంచిగ పిచ్చి లేసింది." అక్కడే వేదిక మీద కూర్చుని ఏడ్చింది. ఎంత బతిమాలినా దిగలేదు. అందుకని మిగతా నాటకం ఆమె అక్కడుండగానే జరిగింది. సిలువ కింద ఏడ్చే స్త్రీలలో ఆ ఏడు రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకున్న ఒకావిడ కూడా ఉంది. జనమంతా కళ్ళు తుడుచుకున్నారు. మిర్చి ఘాటని అందరూ అందరికీ చెప్పుకున్నారు, నేను కూడా.

నాటకం అయ్యాక చర్చి మెట్ల మీద చిన్నమ్మ ఆయన వీపుకు పసుపు, నూనె రాసింది. వాళ్ళ నాయిన దగ్గరికి వచ్చి, "లే బిడ్డా, పోదాం. నాటకంల పడ్డ దెబ్బలు లెక్కలకు రావు" అన్నాడు.

చిన్నమ్మ చెయ్యి ఆపలేదు. "ఒడ్డు ముచ్చట నాటకంల ఉన్నదా నాయినా?" అని అడిగింది. చిన్నమ్మ ఆ సాయంత్రమే మా వాకిట్లోకి వచ్చి పొయ్యి అంటించింది. అవ్వ మర్నాడు ప్రార్థనలో ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పి, ఆలోచన తనదేనని కూడా గుర్తుచేసింది.

ఇక్కడితో ఆపితే ఇది ఆదివారం బడిలో చెప్పుకునే కథ అవుతుంది. ఇస్సాకు మారలేదు. వానలు పడగానే వచ్చి ఒడ్డు చెక్కాడు. చిన్నాయిన పార తీసుకుని వెళ్ళాడు, చూశాడు, తన వైపు మట్టి మెత్తుకుని వచ్చాడు. "వేషం తీసినా దిగలేదు" అని ఊరు నవ్వింది. ఒడ్డు ఇంకా నడిచింది. మెత్తబడితే మట్టి పోతుందన్నది లోకం లెక్క, ఆ లెక్కలో తప్పేమీ లేదు; మా మట్టి పోయింది. కోపం కూడా ఒక్కసారే పోలేదు. ఎప్పుడైనా కంచం మీద ఆయన చెయ్యి బిగుసుకుంటే చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసేది, "రూతూ, మీ చిన్నాయినకు మాట అందియ్యి." నేను గడప దగ్గర నిలబడి మెల్లగా అనేదాన్ని, "నీకు మాటల్లేవు చిన్నాయినా." ఆయన మీసాల్లో గొణుక్కుని ముద్ద కలుపుకునేవాడు. మా ఇంట్లో కంచాలకు కొత్త సొట్టలు పడటం తగ్గిపోయింది. అవ్వ పోయినప్పుడు చుట్టాలకు ఏ కంచం పెట్టాలో వెతుక్కునే పని లేకపోయింది.

ఇప్పుడు మా చర్చికి టైల్స్ వేశారు, ఏసీ పెట్టాలని చందాలు అడుగుతున్నారు. ఈ గుడ్ ఫ్రైడేకు పెద్ద తెర కట్టి వీడియో వేశారు. అందులో యేసు అందంగా ఉన్నాడు, వెనుక సంగీతం ఉంది, దెబ్బలన్నీ సమయానికి పడ్డాయి. ఎవరూ తుమ్మలేదు, ఎవరూ తిట్టలేదు, వేదిక ఎక్కి ఆపుదామని ఎవరికీ అనిపించలేదు. అందరూ తలలూపారు. మల్లవ్వకు పిచ్చిగా కనబడిందంటే ఆమె నిజంగా చూసింది అని ఇప్పుడనిపిస్తుంది. బయట ప్రతివాడికీ ఫోన్ నిండా మాటలే. ఎవడేమన్నా క్షణంలో తిరిగి అనొచ్చు, నేను కూడా మనసులో ఎందరికో అంటుంటాను. పేరు ఎదురుగా ఖాళీ ఉన్న వేషం ఎవరూ ఒప్పుకోరు. స్రవంతికి ఇదంతా చెప్పాలని ఉంది. చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుకు నడుస్తుంటే వెనుక నుంచి మోపెడ్ ఆగింది. ఇస్సాకు. గడ్డం నెరిసింది, నడుము వంగింది. "ఎక్కు బిడ్డా, దేవరుప్పులల దింపుత" అన్నాడు. సిగ్గరులు కాదనలేరు, ఎక్కాను. దారిలో మా పొలాలు వచ్చాయి. ఒడ్డు వంకరగా, మా వైపు పొట్ట పెంచుకుని ఉంది. నేను చూశాను. నేను చూడటం ఆయన అద్దంలో చూశాడు. మోపెడ్ వేగం తగ్గించాడు.

"మీ చిన్నాయిన ఏమన్న అంటె నేనొకటి అందామని యేండ్ల సంది మాటలు జమజేసుకొని పెట్టుకున్న" అన్నాడు చివరికి. "ఏమంటలేడు. ఆదివారం పక్కన గూసుంటడు, పాటల పుస్తకం నా దిక్కు జరుపుతడు. పారవట్టుకొని ఆ ఒడ్డు మీదికి పోయిన దినం నాకే నిద్ర పడుతలేదు. ఒక్కసారి తిరిగి కొడితె అయిపోవు."

దేవరుప్పులలో దిగాను. జనగామ బస్సు వచ్చి ఆగింది. నేను మెట్టు ఎక్కాక ఆయన హ్యాండిల్ పట్టుకునే, తల ఎత్తకుండా అన్నాడు:

"ఆ దినం తెర యెన్క కూసోని ఆయనకు అందిచ్చినవ్. నేను గూడ పక్కనే ఉంటి గద బిడ్డా, నాకన్న ఒక మాట అందియ్యకపోతివి."